మాలతి టైపు చేసిన రెండు రిపోర్టులు

కిడ్నీ చిక్కుడుగింజ ఆకారంలో ఉంటుందని బడిపుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్ళు చిక్కుడుగింజని చూశారేమో గాని కిడ్నీని చూసి ఉండరు. రాయపూర్ దేవేంద్ర నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్లో పదహారేళ్ళుగా సీటీ మిషను నడుపుతున్నవాణ్ణి, నేను చూశాను. నరానికి మందు ఎక్కించగానే ముందు పైపొర తెల్లబడుతుంది, తర్వాత లోపలి భాగం, ఆ తర్వాత నడుమ గిన్నెలాంటి చోట మూత్రం తెల్లగా వచ్చి నిలుస్తుంది. కుడిదాని మీద లివరు ఉంటుంది గనక అది కొంచెం దిగువన ఉంటుంది. రెండిటి పైకొనలూ వెన్నెముక వైపు వాలి ఉంటాయి, కిందికొనలు ఎడంగా ఉంటాయి. ఫిల్ములో మాత్రం కుడిఎడమలు తారుమారు, మనిషి మనకి ఎదురుగా నిలబడ్డట్టు. ఇది తెలియక, "నొప్పి ఇటు, ఫొటోలో రాయి అటు, ఎవరి పొట్ట తీశావయ్యా?" అని నాతో పోట్లాడినవాళ్ళు బోలెడుమంది.

ఇదంతా నా గొప్ప చెప్పుకోడానికి కాదు. మాలతి గురించి చెప్పాలంటే ముందు ఇది చెప్పాలి.

మాలతి మా సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తుంది. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వ్యాగన్ షాపులో పనికి వచ్చి రైల్వే కాలనీలో స్థిరపడ్డాడు, మా నాన్నలాగే. అందుకని నేను ఆమెకి భీమారావు బాబాయిని. డాక్టరమ్మ ప్రియదర్శిని గారు చెప్తూ ఉంటే, ఈమె టకటకా కొట్టేస్తుంది. రోజుకి నలభై యాభై రిపోర్టులు. ప్రతిదీ మొదటినుంచీ ఎవరు కొడతారు? కంప్యూటర్లో ఒక నార్మల్ అచ్చు ఉంటుంది. లివరు నార్మల్, పిత్తాశయం నార్మల్, రెండు కిడ్నీలూ సైజు, ఆకారం, ఉండే చోటు నార్మల్. పేరూ వయసూ మార్చి, తేడా ఉన్న లైను దగ్గర మాత్రం తేడా రాస్తే పని అయిపోతుంది. కాగితం అడుగున డాక్టరమ్మ పొడి అక్షరాలు, వాటి పక్కన టైపు చేసినవాళ్ళవి చిన్నగా ఉంటాయి. తప్పు దొర్లితే ఎవరిని తిట్టాలో తెలియడానికి.

కాలనీలో తెలుగువాళ్ళు రిపోర్టు చేతికి రాగానే డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాదు, మాలతి బల్ల దగ్గరికే వెళ్ళేవాళ్ళు. "ఏటి రాసినారమ్మా?" అని అడిగేవాళ్ళు. ఆమె తెలుగులో చెప్పేది, చెడ్డదైతే ముందు కుర్చీ చూపించి చెప్పేది. ఆమె మాటంటే అందరికీ గురి.

మాలతికి ఒక్కడే తమ్ముడు, రఘు. తండ్రి పోయాక అతనికి వ్యాగన్ షాపులోనే ఫిట్టరు పని వచ్చింది. ముప్ఫై దాటగానే బీపీ వచ్చింది. మాత్ర వేసుకోరా అంటే, "కుర్రోళ్ళకి బీపీ ఏటి?" అని నవ్వేవాడు. ముప్ఫై ఆరుకి వచ్చేసరికి కాళ్ళు వాచాయి. స్కానింగ్ నేనే చూశాను. రెండు కిడ్నీలూ ఎండిన ఉసిరికాయల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది. ఖర్చు రైల్వేదే, ఆ బెంగ లేదు. కావలసింది కిడ్నీ.

వాళ్ళమ్మ కోటమ్మకి షుగరు, పనికిరాదన్నారు. భార్య కల్యాణి ఇస్తానని ముందుకొచ్చింది గాని బ్లడ్ గ్రూపు కలవలేదు. ఇక మిగిలింది మాలతి. మాలతిది ఓ పాజిటివ్, ఎవరికైనా కలిసే గ్రూపు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రాఖీ మా తాతల నాటి పండగ కాదు. ఈ ఊరొచ్చాక చుట్టుపక్కలవాళ్ళని చూసి పట్టుకున్నాం, ఇప్పుడు వాళ్ళకంటే మాకే పట్టింపు ఎక్కువ. అది రెండువేల ఇరవై రెండు ఆగస్టు. నన్నూ భోజనానికి పిలిచారు. రఘుది ఎడమచేతి వాటం, అందుకని డయాలసిస్ సూదులు గుచ్చే నరం కుడిచేతికి తయారుచేశారు. ఆ చేతికి ఏదీ బిగించకూడదు. రాఖీ కుడిచేతికే కట్టాలి. మాలతి దారం పట్టుకుని ఏ చేయి అందుకోవాలో తెలియక నిలబడిపోయింది. రఘు ఎడమచేయి చాపాడు.

ఆమె ముడి వేస్తుండగా కోటమ్మ అందరి ముందూ, "ఏటేటా ఆడు నీకు చీర పెట్టినాడు. ఈ ఏడు నువ్వు ఆడికి పెట్టాల, ఏటి పెట్టాలో నీకు తెలుసు," అంది.

పండగ పూట, తమ్ముడి చేయి చేతిలో ఉండగా, పదిహేనుమంది చూస్తుండగా ఏ ఆడపిల్ల కాదంటుంది? మాలతి తలూపింది. కల్యాణి వచ్చి ఆమె కాళ్ళకి దండం పెట్టేసింది. లడ్డూ తెచ్చి నా నోట్లో కూడా కుక్కారు. ఇస్తావా అని ఒక్కరూ అడగలేదు. ఎప్పుడిస్తావు అని అడిగారు.

మాలతి మొగుడు నాగబాబు ఉర్లాలో స్టీలు ఫ్యాక్టరీలో గుమస్తా. అతను అన్న మాట ఒక్కటే, "నీ ఇష్టం." ఇంతకంటే గడుసు మాట తెలుగులో లేదు. ఇస్తే ఇచ్చింది నువ్వు, ఇవ్వకపోతే ఇవ్వనిది నువ్వు, మధ్యలో అతనికి మట్టి అంటదు.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం కలుపుతూ మాలతి నాతో అంది, "నాకు ఇవ్వాలని లేదు బాబాయ్."

"భయమా?"

"భయమే. కానీ అదొక్కటే కాదు. నా ఒంట్లోది, నన్ను అడగాలి కదా? వాడైనా అడిగి ఉంటే బాగుండేది. వాడు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు."

నేను పెద్దమనిషిలా, "తోడబుట్టినవాడు కదమ్మా," అన్నాను. ఇలాంటి మాటలు అనడానికి ఖర్చేమీ ఉండదు కదా, నోరు దానంతటదే అనేస్తుంది. ఆ తర్వాత నెల రోజులు ఆమె రక్తపరీక్షలని, గుండెపరీక్షలని, మనసుకి ఇష్టమేనా అని అడిగే డాక్టరని, అన్ని చోట్లకీ తిరిగింది. ఆ డాక్టరు అడిగినప్పుడు తల్లి తలుపు అవతలే ఉంది. ఇష్టమేనని చెప్పి వచ్చింది. ప్రతి పరీక్షకీ ముందు ఏదో ఒకటి తేడా రావాలని మొక్కుకునేదట, ప్రతి పరీక్షా నార్మల్ వచ్చేదట. "ఇంత ఆరోగ్యం ఎవడిమ్మన్నాడు?" అని నాతో నవ్వుతూనే అంది, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

చివరిది సీటీ. ఇచ్చేవాళ్ళ కిడ్నీలకి రక్తనాళాలు ఎన్ని, ఎటునుంచి వస్తున్నాయి, ఇవన్నీ అందులో తెలుస్తాయి. ఎడమదానికి నాళం పొడుగు గనక మామూలుగా అదే తీస్తారు. పెద్దాసుపత్రివాళ్ళు సీటీకి మా సెంటరుకే రాసిచ్చారు. అద్దం అవతల నేను, లోపల బల్లమీద మాలతి. ఊపిరి బిగబట్టమన్నాను. మందు ఎక్కింది. బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి.

నేను చూసింది నమ్మక మళ్ళీ చూశాను. కిడ్నీలు ఉండాల్సిన చోటుకి బాగా దిగువన ఉన్నాయి. ఎడంగా ఉండాల్సిన కిందికొనలు ఒకదానివైపు ఒకటి వంగి, వెన్నెముక ముందు కలిసిపోయి, రెండూ కలిపి ఒకే ముద్దగా ఉన్నాయి. గుర్రపునాడా కిడ్నీ అంటారు దీన్ని. అయిదొందలమందిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియకుండా జీవితం గడిచిపోతుంది. దానికి నాళాలు కూడా ఇష్టం వచ్చిన చోట్లనుంచి అయిదు వచ్చాయి. డాక్టరమ్మని పిలిచాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "దీన్ని ఇవ్వడం కుదరదు," అంది.

మాలతి బట్టలు మార్చుకుని వచ్చాక తెరమీద చూపించాను.

"ఇలా ఎందుకయింది బాబాయ్?"

"తల్లి కడుపులో కిడ్నీలు ముందు అడుగున తయారై, మెల్లగా పైకి ఎక్కుతాయమ్మా. అంటుకుపోయినవైతే ఎక్కుతూ ఎక్కుతూ దారిలో ఒక రక్తనాళానికి తగులుకుని అక్కడే ఆగిపోతాయి."

"అయితే నేనింక ఇవ్వక్కర్లేదు కదా?"

అక్కర్లేదన్నాను. ఆ రోజు రెండో టైపిస్టు సెలవు. డాక్టరమ్మ చెప్తూ ఉంటే తన రిపోర్టు తనే కొట్టుకుంది. అడుగున మామూలుగా తన పొడి అక్షరాలు పెట్టింది. అది తప్పని నాకూ తోచలేదు, డాక్టరమ్మకీ తోచలేదు. ఫిల్ము సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి, నేరుగా తల్లి ఇంటికి వెళ్ళింది. నెల రోజుల తర్వాత ఆ పిల్ల నడక తేలిగ్గా ఉండడం అప్పుడే చూశాను.

తర్వాత జరిగింది నాకు వాళ్ళ ద్వారానే తెలిసింది. కోటమ్మ ఫిల్ముని కిటికీ వెలుగులో పట్టుకుని ఎంతసేపు చూసినా ఏమీ కనబడలేదు. కల్యాణి లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులోంచి పాత అల్ట్రాసౌండ్ రిపోర్టు తీసింది. రెండువేల పదహారుది, మాలతిదే. రెండు కిడ్నీలూ సైజు, ఆకారం, ఉండే చోటు నార్మల్. రెండు కాగితాలూ మంచంమీద పక్కపక్కన పెట్టి, అడుగున ఉన్న పొడి అక్షరాలమీద వేలు పెట్టింది. రెండు చోట్లా ఒకటే అక్షరాలు, మాలతివి.

"అప్పుడు రెండు, ఇప్పుడు ఒకటా వదినా? మధ్యలో పెళ్ళేమైనా చేసుకున్నాయా?" అంది కల్యాణి. "ఇష్టం లేకపోతే లేదని సెప్పాల్సింది. సొంత సెంటర్లో కూకుని సొంత చేత్తో ఝూటా రిపోర్టు కొట్టుకుంటావా?"

ఇప్పుడు నా సంగతి చెప్పాలి, చెప్పకపోతే అన్నం సయించదు. రెండువేల పదహారులో మా సెంటరుకి కొత్త అల్ట్రాసౌండ్ మిషను వచ్చింది. అది ఎలా పనిచేస్తుందో చూడ్డానికి స్టాఫు అందర్నీ ఒక్కొక్కరినీ పడుకోబెట్టి చూశారు. అందరం భోంచేసి ఉన్నాం, పొట్టనిండా గ్యాసు. మాలతికి ఆ పక్క ఒకసారి, ఈ పక్క ఒకసారి పెట్టారు. రెండు పక్కలా రెండు కనబడ్డాయి. మధ్యలో ఏముందో ఎవరు చూశారు? "నా రిపోర్టు కూడా కొట్టుకోనా బాబాయ్?" అని సరదాగా అడిగింది. "నార్మల్ అచ్చు ఉంది కదే, పేరు మార్చి కొట్టేయ్," అన్నది నేను. బయట పేషెంట్ల వరస ఉంది. డాక్టరమ్మ చూడకుండానే సంతకం పెట్టింది. మాలతి మురిసిపోతూ తీసుకెళ్ళి తల్లికి ఇచ్చింది. అంతే జరిగింది.

ఇదంతా చెప్పడానికి కోటమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి, అంతా విని, "నువ్వూ ఆ సెంటరోడివే గదా బావూ," అంది. నేను గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

రెండు నెలలు మాలతిని ఎవరూ మనిషిలా చూడలేదు. తల్లి ఫోను ఎత్తలేదు. దసరాకి పిలుపు లేదు. కాలనీలో ఎదురైన ఆడవాళ్ళు మాట్లాడుతున్నవాళ్ళల్లా ఆపేసేవాళ్ళు. అన్నిటికంటే ఆమెని కుదేలు చేసింది సెంటర్లో జరిగింది. మావాళ్ళు రిపోర్టు చేత్తో పట్టుకుని ఆమె బల్ల దాటుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. "నువ్వు సూసి సెప్పు బావూ," అనేవాళ్ళు. ఆమె కంప్యూటర్ వైపు తిరిగి, కొట్టిందే కొడుతూ ఉండేది.

అబద్ధమాడి ఉంటే పోనీ, ఆడినదానికి అనుభవిస్తున్నానని సరిపెట్టుకునేది. ఆడకుండానే పడింది. అలాగని గట్టిగా నిజమని అరవనూ లేదు, ఎందుకంటే మనసులో ఇవ్వాలని లేని మాట కూడా నిజమే కదా. పైగా ఆమె మాట అబద్ధమని నమ్మినన్నాళ్ళూ వాళ్ళకి ఎక్కడో ఒక కిడ్నీ ఉంది, ఇవాళ కాకపోతే రేపు మనసు మారి ఇస్తుంది. నిజమని తేలిన రోజున రఘుకి ఆ ఆశ కూడా పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది ఆమె పని. నాకు ఆ ఇంటివాళ్ళందరిమీదా ఒళ్ళు మండిపోయేది. నామీద నాకు ఇంకా మండేది.

నవంబరులో ఒకరోజు మాలతే తెగించింది. తల్లి ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, చోటు నువ్వే చెప్పు. మా సెంటరు వద్దు, మాకు తెలిసినవాళ్ళు వద్దు. నీ కళ్ళముందు చూపిస్తాను," అంది. కోటమ్మ టాటీబంధ్ అవతల ఒక చోటు చెప్పింది. నన్ను కూడా రమ్మంది మాలతి. రఘు కూడా వచ్చాడు గాని, లోపలికి రాకుండా వరండాలో కుర్చీలో కూర్చున్నాడు.

అక్కడి డాక్టరు పెద్దాయన, హిందీ మనిషి. పరగడుపున రమ్మన్నాడు, గది చీకటి చేశాడు, తొందరపడలేదు. అల్ట్రాసౌండ్ తెర కోటమ్మకీ కల్యాణికీ కనబడేలా తిప్పాడు. ఒక పక్క చూపించాడు, రెండో పక్క చూపించాడు. కల్యాణి నా వైపు చూసింది, రెండున్నాయి కదా అన్నట్టు. అప్పుడాయన ముందువైపు నుంచి బొడ్డు పైన గట్టిగా నొక్కిపట్టి, అటునుంచి ఇటు మెల్లగా జరిపాడు. బూడిదరంగు ఎక్కడా తెగలేదు. ఈ పక్క మొదలై, పెద్ద రక్తనాళం మీదుగా దాటి, ఆ పక్కదాకా ఒకటే. ఆయన వేలితో తెరమీద దారి గీసి చూపిస్తూ, "దేఖియే మాజీ, దోనో జుడే హువే హైఁ. ఏక్ హీ సమఝియే," అన్నాడు, రెండూ అతుక్కుని ఉన్నాయి, ఒకటే అనుకోండి అని.

కల్యాణి గోడకి చేరబడిపోయింది. ఆమె ముఖం చూసి నాకు ఆమెమీది కోపం పోయింది. కోటమ్మ మాత్రం తెరవైపే చూస్తూ, ఆ కలిసిన చోట వేలు పెట్టి, తెలుగులో నన్ను అడిగింది, "ఈ కాడికి తుంచలేరా బావూ?"

బల్లమీద మాలతి కళ్ళు మూసుకుంది. నేను ఆ మాట డాక్టరుకి హిందీలో చెప్పలేకపోయాను. నేనే, "కుదరదు వదినా," అన్నాను.

"మరి నా కొడుక్కి?"

కోటమ్మ వంగి, కూతురి పొట్టమీద రాసిన జిగురుని తన కొంగుతో తుడిచింది. అక్కడ కాగితపు తువ్వాళ్ళు ఉన్నాయి, ఆవిడ చూడలేదు. తుడుస్తూ, "నానే నిన్ను ఇలగ కన్నాను," అంది. క్షమించమని అడగలేదు. అడిగితే మాలతి తట్టుకునేది కాదేమో.

కల్యాణికి పిల్లవాణ్ణి బడినుంచి తేవాలి. అత్తాకోడళ్ళు ఒక ఆటోలో అటు వెళ్ళిపోయారు. రెండో ఆటోలో వెనక సీట్లో అక్కాతమ్ముళ్ళు, ముందు డ్రైవరు పక్కన నేను ఎక్కాం. జంక్షన్ దగ్గర లారీలు అడ్డం పడి, చాలాసేపు కదల్లేదు. వెనక నుంచి రఘు గొంతు వినబడింది.

"నాకు ముందే తెలుసప్పా." అప్ప అంటే మా వైపు అక్క.

"ఏం తెలుసు?"

"నువ్వు ఝూట్ సెప్పలేదని. ఫిల్ము తెచ్చినావు సూడు, ఆ దినమే తెలుసు."

మాలతి గొంతు పెరిగింది. "తెలిసీ నోరు మూసుకున్నావా? రెండు నెలలురా! అమ్మ నన్ను గుమ్మం ఎక్కనీలేదు. దొంగని చూసినట్టు చూశారు అందరూ. ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఎలగ తెలిసిందని అడుగుతారు గదా మరి."

"అడిగితే?"

వెనక లారీ హారను మోగి ఆగాక రఘు అన్నాడు, "ఝూట్ సెప్పడానికి వొచ్చినదానివైతే ఏడుసుకుంటా వొచ్చుందువు. నువ్వు ఏడవలేదప్పా. ఫిల్ము అమ్మ సేతిలో పెట్టి, హాయిగా ఊపిరి పీల్సుకున్నావు. నాను సూసినాను. ఆ మాట ఆళ్ళకి ఎలగ సెప్పమంటావు?"

నేను వెనక్కి తిరగలేదు. డ్రైవరుకి తెలుగు రాదు, నాకు వచ్చినందుకు సిగ్గేసింది. మాలతి ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"అవున్రా," అంది. "ప్రాణం లేచొచ్చింది నాకు ఆ రోజు."

"ఒకటి అడగనా? అది అంటుకోకుండా ఉంటే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని. వద్దనే ధైర్యం లేక ఇచ్చేదాన్ని. జన్మంతా నిన్ను తిట్టుకుంటూ ఇచ్చేదాన్ని."

ముందున్న లారీ కదిలింది. "అయితే ఇదే మంచిదయింది అప్పా," అన్నాడు రఘు. ఆ మాట అన్నవాడికి మర్నాడు పొద్దున్న ఆరింటికి డయాలసిస్ ఉంది.